బాలన్న చూసిన చిలుక

ఆదివారం పొద్దున ఏడింటికే కరుణ తలస్నానం చేసి, వారం రోజులుగా మంచం కింద దుప్పటి కప్పి దాచిన పంజరాన్ని బయటికి లాగి తుడుస్తోంది. అప్పటికది మూడోసారి తుడవడం. పంజరం అద్దంలా మెరుస్తోంది. ఇక అందులోకి రావలసిన చిలుక తుక్కుగూడలో ఉంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న అడ్డంకి ఒక్కటే. అది వరండాలో కుర్చీ వేసుకుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఆయన పేరు బాలనర్సింహ, కరుణ తండ్రి.

కరుణకు ఇరవై మూడేళ్లు. ఇబ్రహీంపట్నంలోనే రక్త పరీక్షల సెంటర్‌లో పని. ఆ పిల్ల సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరని పేరు తెచ్చుకుంది. చిలుకను పెంచాలన్నది చిన్ననాటి కోరిక. రామచిలుకను పంజరంలో పెడితే నేరమని తెలిసి ఒకసారి ఆశ చంపుకుంది. చిలుకల జాతిలోనే కాకటీల్ అని ఒకటుందనీ, అది పరదేశపు పిట్ట కాబట్టి ఇంట్లో పెంచుకోవచ్చనీ మూడు నెలల కిందట తెలిసింది. నెత్తిన కుచ్చు, బుగ్గ మీద నారింజ చుక్క. ఇక ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. వీడియోలన్నీ చూసింది, పిట్టలు పెంచేవాళ్ల గ్రూపుల్లో చేరి ప్రశ్నలడిగి నోట్‌బుక్ నింపింది. చివరికి తుక్కుగూడలో జైపాల్ అనే ఆయన దగ్గర పాలలా తెల్లగా ఉన్నదాన్ని ఫోన్లోనే చూసి, అడ్వాన్సు కట్టి, మల్లె అని పేరు కూడా పెట్టేసుకుంది.

"మీ బాపుకు చెప్పినవా?" వంటింట్లోంచి తల్లి యశోద అడిగింది.

"తెచ్చినంక చెప్త."

"తెచ్చినంక చెప్పెటందుకు అది కొత్తిమీర కట్టనా?"

కరుణ నవ్వు ఆపుకుంటూ పంజరం తలుపు తెరిచి మూసింది. ఆ తలుపు కిర్రుమంది. వరండాలో లేసులు కట్టుకుంటున్న చేతులు ఆగాయి.

"గిదేంది?" బాలనర్సింహ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పంజరం బాపు."

"పంజరమని నాకు గూడ కనవడుతున్నది. ఎవలికి?"

చెప్పక తప్పలేదు. కరుణ ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పేసింది. పిట్ట రంగు, అది తినే గింజలు, అది వేసే ఈల, ఇరవై ఏళ్ల దాకా బతుకుతుందన్న సంగతి కూడా. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు వెలుగుతూనే ఉన్నాయి. విన్నంతసేపూ ఆయన మొహం బిగుసుకుంటూ వచ్చింది.

"వద్దు. ఈ ఇంట్లకు ఇంక ప్రాణమున్నది ఏదీ రావద్దని తొమ్మిదేండ్ల కిందనే చెప్పిన."

"గది ఎడ్ల ముచ్చట. నేనేమన్న ఎద్దును తెస్తున్ననా?"

"దాన్ని పోయి చూసినవా?"

"వీడియోల చూసిన."

"వీడియోల." ఆయన ఆ మాటను నమిలి ఉమ్మేసినట్టు అన్నాడు. "అది ఎట్ల తింటున్నది, ఎట్ల కూసుంటున్నది, ఏం చూసినవ్? ప్రాణమున్నదాన్ని బొమ్మల చూసి కొంటరా ఎవలన్న?"

"అన్నీ తెలుసుకున్న బాపు. మూడు నెలలు చదివిన. నీకేం తెలుసు పిట్టల గురించి? నువ్వు చూసింది గొడ్లను. ఆ కాలం ఎన్నడో పోయింది."

అనేసరికి అనేసింది. బాలనర్సింహ గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. రెండో బూటు లేసు కట్టుకోకుండానే సైకిల్ తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకోవడం ఆయన పని. బల్ల మీద టిఫిన్ డబ్బా అలాగే ఉండిపోయింది.

యశోద చేతిలో గరిటెతోనే వచ్చి కూతురి పక్కన కింద కూర్చుంది.

"గొడ్లను చూసిండు అంటివి. ఎట్ల చూసిండో నీకు ఎరుకనా?"

"ఎడ్లుండె గద. ఎర్రోడు, తెల్లోడు. నాకు యాదికున్నది."

"మనయి రెండే. ఆయన చూసినయి వందల జతలు. కందుకూరు దిక్కుకెల్లి గూడ ఎడ్లు కొనెటోళ్లు వస్తుండిరి, 'బాలన్నా, అంగడికి పోతున్నం, జర వచ్చి చూడు' అనుకుంట. మీ బాపు చూసి అవ్ అంటేనే పైసలు తీస్తుండిరి. పది రూపాయలు గూడ పుచ్చుకోకపోవు. చాయ తాగి వస్తుండె."

గోడకు ఉన్న మేకు వైపు యశోద తల తిప్పింది. ఆ మేకుకు రెండు పలుపుతాళ్లు, ఎద్దు మెడకు కట్టే మువ్వల పట్టెడ వేలాడుతున్నాయి. పశువును అమ్మినా పలుపును అమ్మరు. తొమ్మిదేళ్ల కిందట పొలం పోయి, ఎడ్లను అమ్మిన రోజు ఆయన ఆ తాళ్లు భుజాన వేసుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అంతవరకు కరుణకు తెలుసు.

"నీకు ఎరుక లేనిది ఒకటున్నది," అంది యశోద. "పోయిన నెల మన పక్కింటి ఐలేష్ బర్రెను కొన్నడు గద. కొంటడని తెలిసిన దినం మీ బాపు పొద్దుగాల్నే గడ్డం గీక్కున్నడు. పెట్టెలకెల్లి అంగడి తువ్వాల తీసి భుజాన ఏసుకొని అరుగు మీద కూసున్నడు. పిలుస్తడేమోనని. ఐలేష్ ఫోన్ల చూసి కొనుక్కొని ఆటోల తెచ్చుకున్నడు. ఈయన మాపటిదాక కూసోని, తువ్వాల మడతవెట్టి మళ్ల పెట్టెల వెట్టిండు. నాతోనేం అనలే. నేను గూడ ఏం అడగలే."

కరుణ పంజరం ఊచలు పట్టుకుని కూర్చుండిపోయింది. మూడు నెలలుగా ముక్కూమొహం తెలియని వాళ్లందర్నీ అడిగింది. అహ్మదాబాద్‌లో ఎవరినో అడిగింది. ఇంట్లో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. పైగా నీకేం తెలుసు అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే కూర్చుని ఏడ్చే తీరిక లేదు. నాలుగింటికల్లా రాకపోతే తెల్లదాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని జైపాల్ ముందే చెప్పాడు. కరుణ మొహం కడుక్కుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, స్కూటీ తీసింది.

కాలేజీ గేటు దగ్గర బాలనర్సింహ రిజిస్టరులో ఏదో రాస్తున్నాడు. కూతురిని చూసి కూడా తల ఎత్తలేదు.

"డబ్బ ఆడ పెట్టి పో."

కరుణ డబ్బా పెట్టింది, పోలేదు. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చింది గానీ ఏ మాటా కుదరలేదు. చివరికి, ఎన్నో ఊళ్లవాళ్లు ఆయనను అడిగిన మాటే అడిగింది.

"బాలన్నా, అంగడికి పోతున్న. జర వచ్చి చూడు."

రాస్తున్న పెన్ను ఆగింది. ఆయన తల ఎత్తలేదు గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"పిట్టలను నేనేం చూస్త? నాకేం తెలుసు?"

"తప్పయింది బాపు. నువ్వు చూసి అవ్ అంటేనే తీసుకుంట. లేదంటే అడ్వాన్సు పోయినా ఫికర్ లేదు, ఉత్త చేతులతోని వస్త."

బాలనర్సింహ పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత లోపలి గదిలో ఉన్న తోటి వాచ్‌మన్‌ను కేకేశాడు.

"స్వామీ, జర గేటు చూస్కో. అంగడికి పోయొస్త."

ఆయన గొంతు అంత పెద్దగా పలకడం కరుణ చాలా ఏళ్ల తర్వాత విన్నది. దారిలో ఇంటి దగ్గర స్కూటీ ఆపించాడు. యూనిఫాంలో పోతే బేరగాడు లెక్కచేయడట. తెల్ల చొక్కా వేసుకుని, పెట్టెలోంచి తువ్వాల తీసి భుజాన వేసుకుని, పంజరం చేత పట్టుకుని బయటికొచ్చాడు. యశోద అడ్డం రాకుండా గోడకు జరిగి, మంచి శకునంగా ఎదురు రావడానికి చెంబెడు నీళ్లు పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. బొంగులూరు దాటి ఔటర్ సర్వీసు రోడ్డు ఎక్కేసరికి, వెనక కూర్చున్నాయన కూనిరాగం తీస్తున్నాడు.

జైపాల్ తన డాబా మీద రేకుల షెడ్డులో పిట్టలను పెంచుతున్నాడు. మెట్లెక్కుతుంటేనే ఈలలు, కిచకిచలు చెవులు నింపేశాయి. తెల్లది కొమ్మ మీద విడిగా కూర్చుని ఉంది. వీడియోలో కన్నా అందంగా ఉంది. జైపాల్ చేయి పెట్టగానే పెనుగులాడకుండా వచ్చి వేలి మీద కూర్చుంది.

"చూసినవా చెల్లె, ఎంత సాధువో. ఎవ్వలు ముట్టినా ఊకుంటది."

కరుణకు చేతులు చాచి అందుకోవాలనిపించింది. తండ్రి వైపు చూసి ఆగింది. బాలనర్సింహ తెల్లదాని దగ్గరికి రానేలేదు. మూలన గొంతుకూర్చుని, బీడీ లేని వేళ్లను గడ్డం కింద పెట్టుకుని, అన్నిటినీ ఒకేసారి చూస్తున్నాడు. ఐదు నిమిషాలైంది. పది అయింది. పావుగంటకు జైపాల్ గడియారం చూసుకున్నాడు.

"కాక, ఏం చూస్తున్నవ్?"

"మ్యాత ఎయ్యి."

జైపాల్ గిన్నెల్లో గింజలు పోశాడు. పిట్టలన్నీ ఎగబడ్డాయి. తెల్లది కూడా మెల్లగా దిగి గిన్నె అంచున నిలబడి ముక్కు ఆడించింది. బాలనర్సింహ అప్పుడు లేచి దాని దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, గిన్నె కింద చూడు. మిగిలిన వాటి కింద పొట్టు రాలుతున్నది. దీని కింద ఏమన్న ఉన్నదా?"

కరుణ వంగి చూసింది. నేల శుభ్రంగా ఉంది.

"గింజ నోట్ల పెట్టుకుంటున్నది, ఇడుస్తున్నది. తింటలేదు. తిన్నట్టు చేస్తున్నది. నెమరెయ్యని గొడ్డు గూడ గింతే, గడ్డిల మూతి పెట్టుకొనే నిలవడ్తది. ఇంత ఎండల ఈకలు ఉబ్బిచ్చుకొని కూసున్నది. ఊపిరి తీసినప్పుడల్ల తోక ఆడుతున్నది. సాధువు గాదమ్మా, దానికి పానం మంచిగ లేదు."

జైపాల్ తెల్లదాన్ని చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడిమి చూశాడు. అతని మొహం మారిపోయింది.

"అవ్ కాక. మస్తు సన్నవడ్డది. నేను చూసుకోనే లేదు." అప్పటికప్పుడే దాన్ని వేరే పెట్టెలో పెట్టి పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. పొద్దుగూకేలోపు తీసుకురమ్మన్నారు.

మల్లె అని పేరు పెట్టుకున్న పిట్ట అట్టపెట్టెలో మూలన ముడుచుకుని ఉంటే కరుణకు ఏడుపు ఆగలేదు. బాలనర్సింహ కూతురి భుజం మీద చేయి వేశాడు.

"బతుకుతది. యాళ్లకు దొరికింది. నువ్వు ఇయ్యాల్ల రాకుంటె దొరకకపోవు."

అంతలో ఆయన తువ్వాల కొసను ఎవరో గుంజారు. తిరిగి చూస్తే బూడిదరంగు కాకటీల్ ఒకటి జాలీలోంచి మూతి బయటపెట్టి దారం పీకుతోంది. పసుపు మొహం, నెత్తిన కుచ్చు నిక్కబొడుచుకుని ఉంది. బాలనర్సింహ అలవాటు కొద్దీ దాని మూతి దగ్గరికి వేళ్లు పోనిచ్చాడు, ఎద్దు పళ్లు చూసినట్టు. అది కసుక్కున కరిచింది.

"పళ్లు లేవు గని పౌరుషమున్నది," అన్నాడాయన వేలు నోట్లో పెట్టుకుంటూ. కళ్లనీళ్ల మధ్యనే కరుణ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు పిట్ట తల వంచి చూసి, ఈల వేసింది. ఆమె మళ్లీ నవ్వితే మళ్లీ వేసింది.

"ఇదెట్లుంది బాపు?"

"గుణం నేను చెప్త. కన్ను సాఫున్నది, కాలు గట్టిగున్నది, పొట్టు దండిగ రాలుస్తున్నది. మనసు మాత్రం నువ్వే చెప్పాలె. కట్టేసుకునేటోళ్లకు నచ్చాలె ఏదైనా."

"నచ్చిండు," అంది కరుణ. గొంతులో సంతోషం ఆగడం లేదు.

బేరానికి బాలనర్సింహ తువ్వాల చేతి మీద కప్పుకుని ముందుకు చాచాడు. పశువుల అంగట్లో ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చెబుతారు. జైపాల్ కంగారుగా చూశాడు.

"చెయ్యికి ఏమైంది కాక? గట్టిగ కొరికిందా?"

బూడిదరంగు పిట్టను పంజరంలో పెట్టుకుని తండ్రీ కూతుళ్లు ఇంటికి వచ్చేదాకా అదే తలుచుకుని నవ్వుకున్నారు. వాకిట్లో యశోద పసుపు, కుంకుమ, చెంబెడు నీళ్లతో సిద్ధంగా ఉంది. కొత్త ఎడ్లు ఇంటికొస్తే కాళ్ల మీద నీళ్లు పోసి బొట్టు పెట్టి లోపలికి పిలిచే ఇల్లు అది. పంజరంలోకి వంగి చూసి బిక్కమొహం వేసింది.

"దీని కాళ్లు ఏడున్నయే? బొట్టు ఏడ పెట్టాలె?"

చివరికి బొట్టు పంజరానికి పెట్టింది. బుడ్డోడని పేరు కూడా ఆమే పెట్టింది.

ఆ సాయంత్రం బాలనర్సింహ మేకు మీది మువ్వల పట్టెడ దించాడు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎర్రోడి మెడలో మోగిన మువ్వల్లోంచి ఒకదాన్ని తెంపి, సలసల కాగే నీళ్లలో కడిగి, పంజరంలో కట్టాడు. బుడ్డోడు రెండు రోజులు దానివైపు అనుమానంగా చూసి దూరంగా జరిగాడు. మంగళవారం జైపాల్ ఫోన్ చేశాడు. తెల్లది మందులకు కోలుకుంటోందట, పొట్టు రాలుస్తోందట. ఆ మాట ముగించి కొంచెం నసిగాడు.

"చెల్లె, పై ఆదివారం కొత్త పిట్టలు తెస్తున్న. మీ బాపును జర వచ్చి చూడమని అడుగుతవా?"

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. బాలనర్సింహ విననట్టే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. బుధవారం మాత్రం ఆదివారానికి కావలసిన తువ్వాలను ఉతికి ఆరేశాడు.

గురువారం తెల్లవారుతుండగా కరుణకు మెలకువ వచ్చింది. ఘల్లుమని మువ్వ మోగింది. ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి. బుడ్డోడు మువ్వను ముక్కుతో పట్టుకుని ఊపుతున్నాడు. వరండా మంచంలో తండ్రి ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడు. కళ్లు తెరవకుండానే, మంచం మీదినుంచి కాళ్లు కిందికి దించుతూ అన్నాడు.

"ఆఁ, వస్తున్న. వస్తున్న, ఆగు."

ఆయన చేయి మసక చీకట్లో గడ్డి గంప కోసం మంచం పక్కన వెతికింది. తొమ్మిదేళ్లుగా అక్కడ గంప లేదు. చేతికి ఏమీ తగలక కళ్లు తెరిచాడు. అలా కూర్చుండిపోయాడు. కరుణ పరుపు మీద కదలకుండా పడుకుని చూస్తోంది, కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. వంటింట్లో యశోద కూడా చేస్తున్న పని ఆపినట్టుంది, చప్పుడు లేదు.

మువ్వ మళ్లీ మోగింది. బాలనర్సింహ లేచి, డబ్బాలోంచి గుప్పెడు కొర్రలు తీసుకుని పంజరం దగ్గరికి నడిచాడు.

"ఆకలయ్యిందా కొడుకా," అన్నాడు.