క్లచ్ లేని కారు

ఆదివారం పొద్దున్నే పోలరాజు వరండాలో కూర్చుని ఎడమ మోకాలు చాపుతూ, ముడుస్తూ లెక్కపెడుతున్నాడు. మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగి మూడు నెలలైంది. నోటితో లెక్క సాగుతోంది గాని, చూపు మాత్రం వాకిట్లో ఆగిన తెల్ల కారు మీదే ఉంది.

ఆ కారును నిన్న సాయంత్రం కూతురు దుర్గ విజయవాడ నుంచి తెచ్చింది. ఆఫీసులో తనతో పనిచేసే స్టెల్లా వాళ్ళు రెండేళ్ళు వాడిన బండి. ఆటోమేటిక్.

పామర్రు చుట్టుపక్కల ఏ చెరువులో చేపల పట్టుబడి జరిగినా, తెల్లారేసరికి తన కారులో అక్కడ ఉండటం పోలరాజుకు పాతికేళ్ళ అలవాటు. ఇంకో ఆరు నెలలు క్లచ్ తొక్కవద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన చేపల వ్యాపారం ఫోనులో నడుస్తోంది, ఆయన వరండాలో కూర్చుంటున్నాడు. మంగళ, శుక్రవారాల్లో ఫిజియోథెరపీకి విజయవాడ వెళ్ళాలంటే ఎవరో ఒక డ్రైవరును బతిమాలుకోవాలి.

దుర్గ టీ గ్లాసు అందిస్తూ, "ఎలా ఉంది నాన్నా బండి?" అంది.

"స్కూటీకి పైకప్పు వేసినట్టుంది."

"ఎడమ కాలితో పనిలేదు. మీ కోసమే తెచ్చాను."

"గేర్లు మార్చకుండా నడిపేది డ్రైవింగ్ ఎట్టా అవుద్దే? చెరువు గట్టు మీద ఈ బండి దిగితే రైతులు నా మొహం చూసి నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీండి. ఇప్పుడు మీ మొహమే కనపడట్లేదు కదా వాళ్ళకి."

పోలరాజు టీ గ్లాసు అందుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. కానీ పదింటికి, దుర్గ స్నానానికి వెళ్ళిన సమయం చూసి, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి భార్యను పిలిచాడు.

"రత్నం, వెనక వీధి పద్మావతమ్మగారికి చేపల పులుసు ఇవ్వాలన్నావుగా. పద, కారులో వెళ్ళి ఇచ్చొద్దాం."

గంగారత్నం ఆయన చేతిలోని తాళం చూసింది. "మీరా? పిల్లని రానివ్వండి."

"నాకు డ్రైవింగ్ పిల్ల నేర్పాలా?"

పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. కారు చప్పుడు లేకుండా కదిలింది. వీధి సగం దాటేసరికి పోలరాజు మొహంలో మూడు నెలలుగా లేని వెలుగు వచ్చింది. మలుపు దగ్గర వేగం తగ్గించి గేరు మార్చాలని, పాతికేళ్ళ అలవాటు కొద్దీ ఎడమ కాలు క్లచ్ కోసం బలంగా కిందికి దిగింది. అక్కడ క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకు ఉంది.

కారు ఉన్నచోటే కుదేసినట్టు ఆగింది. గంగారత్నం నుదురు వెళ్ళి ముందున్న డాష్‌బోర్డుకు కొట్టుకుంది. పులుసు ఆవిడ చీర మీదా, కారు అద్దం మీదా చిందింది.

ఇంటికి తిరిగి రాగానే పోలరాజు తాళం టేబుల్ మీద విసిరాడు.

"అమ్మెయ్యవే ఈ బండిని. మనిషి ప్రాణం తీసేట్టుంది."

తల్లి నుదుటి మీద ఐసుముక్క అద్దుతూ దుర్గ తల తిప్పి చూసింది. "బండి ఏం చేసింది నాన్నా? బ్రేకు తొక్కితే ఆగింది. ఎడమ కాలు కదిలించకూడదని చెప్దామనుకునే లోపే తీసుకెళ్ళిపోయారు."

"నేను తొక్కలేదు. కాలు దానంతటదే పోయింది."

"సరే, మీరు నడపొద్దు. అమ్మ నేర్చుకుంటుంది."

పోలరాజు నవ్వాడు. "మీ అమ్మా? క్లచ్‌కీ బ్రేకుకీ తేడా తెలీని మనిషి."

గంగారత్నం కూతురి చెయ్యి పక్కకు తీసింది. "ఇవాళ ఆ తేడా ఎవరికి తెలీలేదండీ?"

ఆవిడ గొంతు పెంచలేదు. చీర మీది పులుసు మరక తుడుచుకుంటూనే అంది.

"పదిహేనేళ్ళ కింద మీరే నాకు నేర్పిస్తానన్నారు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు బండి మూడుసార్లు ఆగిపోయింది. మీరు దిగి, వెనకాల ట్రాక్టర్ల వాళ్ళందరికీ వినపడేట్టు, 'ఇది గరిటె తిప్పడానికే పనికొస్తుంది, ఏమనుకోకండి' అన్నారు. వాళ్ళు నవ్వారు. మీరూ నవ్వారు. ఆ రోజు నేను వంతెన మీంచి ఇంటిదాకా నడిచొచ్చాను."

"ఎప్పటి సంగతో..."

"పెళ్ళిళ్ళలో మీరు ఇప్పటికీ చెప్పి నవ్విస్తారుగా. ఆ రోజు నాకు తెలివిలేక కాదండీ. ఏం చెయ్యాలో తెలుసు. కాలు నా మాట వినలేదు. అంతే. ఇవాళ మీ కాలు మీ మాట విందా?"

పోలరాజు తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు. ఆ వంతెన కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అందరి మొహాల్లో నవ్వు చూశాడు గాని, చెప్పేటప్పుడు ఒక్కసారైనా భార్య మొహం చూసిన గుర్తు లేదు. లేచి కర్ర పట్టుకుని బయటికి వెళ్ళాడు.

గంట తర్వాత దుర్గ బయటికి వచ్చి చూస్తే, ఆయన బకెట్టు నీళ్ళు, పాత గుడ్డ పెట్టుకుని కారులో పులుసు మరకలు తుడుస్తున్నాడు. మోకాలు వంగక అవస్థ పడుతున్నాడు. ఆమె సాయం చెయ్యబోతే వద్దన్నాడు.

"మీ అమ్మ బండి నేర్చుకోవాలంటే ఎల్ఎల్ఆర్ లైసెన్సుకి ఏమేం కాయితాలు కావాలో చూడు," అన్నాడు తల ఎత్తకుండానే.

ఎల్ఎల్ఆర్ వచ్చాక, నెల రోజులపాటు సాయంత్రాలు రైసుమిల్లు వెనకాల ఖాళీ స్థలంలో తెల్ల కారు తిరిగింది. మొదటి రోజే గంగారత్నం షరతు పెట్టింది.

"అరిస్తే దిగిపోతాను."

"అరవను."

"ఉండగలరా?"

"కష్టమే. నాలిక కొరుక్కుంటా."

అద్దాల్లో వెనక బండి ఎంత దూరంలో ఉందో పోల్చుకోవడం, బస్సును ఎప్పుడు దాటాలో, ఎప్పుడు ఓపిక పట్టాలో ఆయన నేర్పాడు. రెండో వారంలో ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు ఆవిడ నేర్పింది.

"ఎడమ కాలు వెనక్కి లాక్కోండి. ఇంకా వెనక్కి. అది నిద్రపోవాలి."

"పాతికేళ్ళు పనిచేసిన కాలు, ఒక్కసారిగా నిద్రపొమ్మంటే పోద్దా?"

"మెల్లిగా పోద్ది లెండి. నేనేం తిట్టట్లేదుగా."

ఒక శుక్రవారం ఫిజియోథెరపీకి గంగారత్నమే కారు తీసింది. ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం అతికించి ఉంది. ఉయ్యూరు దాటింది. కంకిపాడు సెంటర్లో ఎదురుగా ఆటోలు అడ్డొచ్చేసరికి ఆవిడ తడబడి ఆగింది. ఎటు పోవాలో తెలియక స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. వెనక లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. చుట్టూ జనం తిరిగి చూస్తున్నారు.

పోలరాజు కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి లారీ వైపు చెయ్యి ఊపాడు.

"కాసేపు ఆగవయ్యా. మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంటోంది. ఆవిడ టైము ఆవిడ తీసుకుంటది."

హారన్ ఆగింది. పోలరాజు అద్దం ఎత్తి, సీట్లో సర్దుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ వంతెన కథ మాత్రం ఇక ఎక్కడా చెప్పనని మెల్లగా అన్నాడు.

గంగారత్నం కళ్ళు తుడుచుకుంది. ఆటోల మధ్య దారి కనపడే దాకా ఓపికగా ఆగి, కారును ముందుకు పోనిచ్చింది.