హన్నా వేసిన రెండో పిడికెడు

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. హన్నా చేట ముందు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అక్కా, ఆకలే!" అన్నాడు తమ్ముడు దావీదు, పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని.

"బియ్యం ఇంకా చేటలోనే ఉన్నాయిరా. పచ్చివి నములుతావా?"

"పెట్టు, నములుతా."

హన్నాకు నవ్వొచ్చింది. అమ్మ మాణిక్యమ్మ నాట్లకు వెళ్లింది. పొద్దు గుంకితే గాని రాదు. నాట్ల రోజుల్లో సాయంత్రం వంట హన్నాదే. అమ్మ పొద్దున్నే తవ్వతో బియ్యం కొలిచి చేటలో పోసి వెళ్తుంది. వాటిని ఏరి, కడిగి, ఎసట్లో పోస్తే చాలు.

కడిగే ముందు ఇంకో పని ఉంది. అందులోంచి ఒక పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వెయ్యాలి. దాన్ని దేవుడి కుండ అంటారు. దివిసీమలోని వాళ్ల ఊళ్లో క్రైస్తవుల ఇళ్లన్నిటా అలాంటి కుండ ఒకటి ఉంటుంది. ఆదివారం ఆ బియ్యం చెంబులో గుడికి తీసుకెళ్లి గంపలో పోస్తారు. ఇంట్లో గింజ లేనివాళ్లకు పాస్టరు గారు వాటిని పంచుతారు.

హన్నా ఒక పిడికెడు తీసి కుండలో వేసింది. వాకిలి వైపు చూసింది. ఎవరూ రావడం లేదు. రెండో పిడికెడు వేసింది. ఆగి, మరొకటి కూడా వేసింది.

"అమ్మ ఒకటే వేస్తుందిగా!" అన్నాడు దావీదు.

"నోర్ముయ్. దేవుడికే గదా వేసింది, నేనేం బొక్కలేదు."

దీనికంతటికీ కారణం ఎస్తేరు. పోయిన ఆదివారం గంప దగ్గర ఆ పిల్ల హన్నా చెంబులోకి తొంగి చూసి, "మీ ఇంట్లో అందరివీ చిన్న పిడికిళ్లా ఏంటే? అడుగు కనపడుతోంది" అని కిసుక్కున నవ్వింది. ఎస్తేరు వాళ్ల నాన్న బడిపంతులు. వాళ్ల చెంబు ఎప్పుడూ పొర్లుతూ ఉంటుంది. అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, ఎస్తేరు తల నిమిరి, "బంగారు తల్లివి" అన్నారు.

ఆ మాట హన్నా మనసులో ముల్లులా దిగింది. ఈ ఆదివారం తన చెంబు పొర్లాలి. అమ్మగారు తన తల నిమరాలి. అందుకే సోమవారం నుంచి రోజూ ఇదే వరస.

ఆ సాయంత్రం అమ్మ బురద కాళ్లతో వచ్చి, కడుక్కుని, అందరికీ వడ్డించింది. నాన్న సుందరరాజు పొద్దంతా అరక దున్ని వచ్చాడు. మారు పెట్టించుకుని తిన్నాడు. దావీదు అడిగినప్పుడల్లా పెట్టించుకున్నాడు. హన్నా కడుపు కూడా నిండింది. అమ్మ ఎప్పుడూ చివర్నే తింటుంది. హన్నా చెయ్యి కడుక్కుంటుంటే, కుండ అడుగున గరిటె గీకుతున్న చప్పుడు వినిపించింది. హన్నా పట్టించుకోలేదు.

శనివారం ఒంటిపూట బడి. హన్నా ఇంటికి వచ్చేసరికి అమ్మ చద్దిగిన్నె అరుగు మీదే ఉంది. హడావిడిలో మరిచిపోయి వెళ్లినట్టుంది.

రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి ఉంచితే తెల్లారేసరికి చద్దన్నం అవుతుంది. నాట్లు వేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం అదే బలం. అది కడుపులో పడకపోతే బురదలో అంతసేపు నడుం వంచి ఎవరు నిలబడగలరు?

హన్నా గిన్నె తీసుకుని చేలోకి బయలుదేరింది. కాలవగట్టు మీద నడుస్తుంటే లోపల ఏదో నీళ్లలా తొణుకుతోంది. ఆగి, మూత తీసి చూసింది. గంజి. అందులో ఒక ఉల్లిపాయ. గిన్నె అటూ ఇటూ వంచి చూసింది. ఒక్క మెతుకు కూడా కనపడలేదు.

చేలో ఆడవాళ్లు గట్టెక్కి గిన్నెలు విప్పుతున్నారు. అమ్మ దూరంగా కాలవలో కాళ్లు కడుక్కుంటోంది.

"ఏమే హన్నా," అని పిలిచింది కొండమ్మ. ఆమె ఇల్లు పక్క వీధిలో. నోములూ పూజలూ ఒక్కటీ వదలదు. "మీ కిరస్తానం వాళ్లక్కూడా శ్రావణ మాసం ఉపవాసాలున్నాయా?"

"లేవత్తా. ఏం?"

"మరి మీ అమ్మేంటే, ఈ వారమంతా ఉత్త గంజే తాగుతోంది? అడిగితే నవ్వుద్ది. పొద్దున నారుకట్ట ఎత్తబోయి కళ్లు తిరిగి కూలబడింది. నేను పట్టుకోబట్టి సరిపోయింది గాని, లేకపోతే బురదలో బోర్లా పడేది!"

హన్నా గంజి గిన్నెను గట్టు మీద పెట్టింది.

కొండమ్మ తన చద్దన్నంలో సగం మూతలోకి తీసింది. "మాణిక్యం, రా! వద్దన్నావంటే మొహానికి బురద పూస్తా." తర్వాత హన్నా వైపు తిరిగింది. "పోయినేడు నేను జొరంతో పడుంటే మీ అమ్మ గుడి బియ్యం తెచ్చి వండిపెట్టిందే. 'మా దేవుడు వేరు గదా మాణిక్యం' అంటే, 'ఆకలి ఒకటే గదా వదినా' అంది."

అమ్మ వచ్చి కూర్చుంది. మూతలోది గబగబా తింది. అమ్మ తినడం అయ్యేదాకా ఆగి, హన్నా దగ్గరికి జరిగింది.

"అమ్మా... దేవుడి కుండలో నేను..."

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. బియ్యం కొలిచేదాన్ని, ఎంత అన్నం అవుద్దో నాకు తెలీదా?"

"మరెందుకు తిట్టలేదు?"

"దేవుడికి పెడుతున్న చేతిని ఏమని తిట్టనే? నీకే తెలుస్తుందిలే అనుకున్నా."

"తెలీకపోతే?"

"ఇంకో రోజు తెలుసుద్ది. ఇవాళ నాటేసి రేపే కోస్తామా ఏంటి?" అంది అమ్మ నవ్వుతూ.

హన్నా కళ్లు తుడుచుకుంది. "ఆ బియ్యం తీసి ఇవాళ నీకు అన్నం వండుతా."

"దాన్లో వేసింది వెనక్కి తియ్యం. అవి ఎవరికి కావాలో వాళ్లకు చేరనియ్. నువ్వు ఇంటికి పో, ఎండ మాడ్చేస్తోంది."

మర్నాడు గుడిలో హన్నా చెంబు నిజంగానే పొర్లింది. ఎస్తేరు కళ్లు పెద్దవయ్యాయి.

"అబ్బో, మన హన్నాయే!" అంటూ అమ్మగారు తల నిమరబోయారు.

హన్నా ఒకడుగు వెనక్కి వేసింది. "నావి కావండీ. మా అమ్మ తినాల్సినవండీ. నేను ఎక్కువెక్కువ తీసేస్తే, అమ్మ గంజి తాగి నాట్లకెళ్లిందండీ."

వెనక వరసలో మాణిక్యమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అమ్మగారు నేరుగా వెనక్కి వెళ్లి, మాణిక్యమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. తన తల నిమరలేదని హన్నాకు ఏమీ అనిపించలేదు. ఆ చేతులు అమ్మ చేతుల్ని పట్టుకోవడమే బాగుంది.

ఆ సాయంత్రం అన్నం వార్చాక హన్నా గరిటె ఎవరికీ ఇవ్వలేదు. అందరికంటే ముందు అమ్మ చద్దిగిన్నెలోకి నిండుగా అన్నం తీసి పక్కన పెట్టింది. తర్వాత నాన్న పీట పక్కనే ఇంకో పీట వాల్చింది.

"అమ్మా, కూర్చో."

"మీరు తినండే. నేను తర్వాత..."

"తర్వాత లేదు. ఇవాళ చివర తినేది గరిటె పట్టుకున్న నేనే!"

"కూర్చో మాణిక్యం," అన్నాడు నాన్న. "పిల్ల గరిటె పట్టుకుని నిలబడింది. మనకెందుకొచ్చిన గొడవ!"

అమ్మ కూర్చుంది. ఎవరూ అడగకుండానే హన్నా కళ్లు మూసుకుంది.

"తండ్రీ, ఈ అన్నానికి వందనాలు. కొండమ్మత్త పెట్టిన చద్దికి వందనాలు. మా అమ్మకు వందనాలు."

దావీదు ఒక కన్ను తెరిచాడు. "అమ్మకు కూడానా? అమ్మ దేవుడు కాదుగా!"

"తెలుసులేరా. కళ్లు మూసుకో."

దావీదు గట్టిగా ఆమేన్ అన్నాడు. హన్నా వంగి, పొగలు కక్కుతున్న మొదటి గరిటె అమ్మ కంచంలో పెట్టింది.