గదిలో సద్దు ఎక్కువగా ఉంది

ఇళ్లల్లో స్పీకర్లు బిగించడం నా పని. ఈ పనిలో ఒక చిక్కుంది. సోఫాలు జరపాలి, బీరువాల వెనక నుంచి వైర్లు లాగాలి. ఎవరు ఏ మూల ఏం దాచుకున్నారో చూడకూడదనుకున్నా కంటపడుతుంది. అవన్నీ నేను ఎవరికీ చెప్పను, అడిగితే తప్ప. అడగడం మరిచిపోయిన వాళ్లకి నేనే గుర్తు చేస్తాను.

జనం స్పీకర్లు కొనే పద్ధతి చూస్తే నీరసం వస్తుంది. పళ్ల డాక్టరుగారికి తోడల్లుడి ఇంట్లో ఉన్నదానికన్నా పెద్ద డబ్బా కావాలి. ఆయన గది చూస్తే అగ్గిపెట్టె. రంగుల కొట్టాయన యాంప్లిఫయర్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "బరువుంది, మంచిదే" అన్నాడు, గుమ్మడికాయ కొన్నట్టు. ఇక నాకు సాయం మా బామ్మర్ది. ఏదైనా బరువు ఎత్తాల్సి వచ్చిన ప్రతిసారీ వాడికి ఫోనొస్తుంది.

ఇదే పని చేసి చేసి, అలిసింది ఒళ్లో మనసో తెలియని స్థితికి వచ్చాను. అలాంటి రోజుల్లో కండక్టరుగారు కబురు పెట్టాడు.

బస్సులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ముందు తలుపు దగ్గర అరిస్తే, వెనక సీట్లో గురకపెట్టేవాడు లేచి, ఊరు దాటిపోయిందని ఏడ్చేవాడు. అంత గొంతూ ఇప్పుడు ఇంట్లో పనికిరావడం లేదు. వాళ్లావిడకి చెవులు పోతూ వచ్చాయి. ఆయన అరిస్తే వీధంతా వినేది, ఆవిడ తప్ప. ఆ ఇంట్లో ఏ పూట ఏం కూరో మా వీధిలో పిల్లలు కూడా చెప్పేవాళ్లు. చెవి మిషను పెట్టిస్తే, హోరు తప్ప ఏమీ లేదని తీసి డబ్బాలో పడేసింది. నెమ్మదిగా ఆవిడ మాట్లాడటమే మానేసింది.

"నాకు థియేటరూ వద్దు, పాడూ వద్దు," అన్నాడాయన. "సినిమాలో నవ్వొచ్చే మాట పడగానే ఇద్దరం ఒకేసారి నవ్వేవాళ్లం. పక్క సీట్లవాళ్లు తిట్టేవాళ్లు కూడా. అదొక్కటి మళ్లీ కావాలయ్యా."

ఆ మాట మీద వెటకారం చేయడానికి నాకు నోరు రాలేదు. ఇది మా ఆవిడకి చెబితే నమ్మలేదు.

కొట్టువాడు అప్పటికే ఆయనకి దూడంత సబ్ వూఫర్ అంటగట్టాడు. గుండెలు అదరడానికి అది బాగుంటుంది గానీ, మాట అర్థం కావడానికి పనికిరాదు. దాన్ని మూలకి నెట్టాను. మాటలు పలికే మధ్య స్పీకరు మంచిది తెప్పించి, ఆవిడ కుర్చీకి ఎదురుగా, చెవి ఎత్తున బిగించాను. అందుకు తగ్గ యాంప్లిఫయర్ కూడా నేనే ఎంచాను. పెద్దదేమీ కాదు, మాటని నలపకుండా పంపేది.

గది ఇంటి వెనకవైపు ఉంది. ఒక్కటే కిటికీ, దాని మీద దళసరి తెర. బయట ఎండ కాస్తున్నా లోపల మసక. కొత్త తివాచీ జిగురు వాసన. దాని కింద ఇంకో వాసన... చాలామంది చాలాసేపు తలుపులేసుకుని కూర్చున్న గదిలో ఉండే వాసన. ఆ గదిలో అప్పటిదాకా పాత పరుపులు తప్ప ఏమీ లేవని కండక్టరుగారు చెప్పాడు.

అన్నీ బిగించాక చివరి పని కొలత. మనిషి కూర్చునే చోట స్టాండు మీద చిన్న మైకు పెడతాం. యాంప్లిఫయర్ ఒక్కో స్పీకరు నుంచి కూత పంపి, ఆ మైకుతో విని, ఏది ఎంత దూరంలో ఉందో, ఎంత గట్టిగా పలకాలో తనే సరిచేసుకుంటుంది. అప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదు. సద్దు ఉండకూడదు.

ఆవిడ కుర్చీలో మైకు పెట్టి, అందరం గుమ్మం బయటికి వచ్చాం. ఆవిడ వసారాలో స్టూలు మీద కూర్చుని గదిలోకే చూస్తోంది. నేను రిమోట్ నొక్కాను.

టీవీ తెర మీద అక్షరాలు పడ్డాయి. గదిలో సద్దు ఎక్కువగా ఉంది. నిశ్శబ్దంగా ఉంచండి.

"ఒరేయ్, ఫోను."

"ఆపేశాను బావా. ఒట్టు."

ఫాను ఆపాం. పక్కగదిలో ఫ్రిజ్ తీగ పీకాం. గోడ గడియారం తీసి బయట పెట్టాం. కండక్టరుగారు ఊపిరి కూడా బిగబట్టాడు. జీవితంలో ఆయన అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

మళ్లీ నొక్కాను. గదిలో సద్దు ఎక్కువగా ఉంది.

మైకు ఎంత సద్దు వింటోందో చూపించే గీత ఒకటి తెర కింద ఉంటుంది. దాన్ని చూశాను. ఫాను లాంటి సద్దయితే ఆ గీత ఒక్కచోటే నిలబడుతుంది. ఇది లేస్తోంది. పడుతోంది. ఆగుతోంది. ఆగినచోట ఇంకోలా లేస్తోంది... ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ ఉంటే అలా ఆడుతుంది.

చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఖాళీ గది.

"మైకు పాడైందేమో బావా," గొణిగాడు బామ్మర్ది.

"పాడైతే అసలు లేవదురా."

అప్పుడు స్టూలు మీద నుంచి ఆవిడ అంది. ఎన్నో నెలలుగా వాడని గొంతు, గరగరలాడుతూ.

"వాళ్లని కాసేపు ఊరుకోమంటే సరి. ఇందాకట్నుంచీ ఒకటే కబుర్లు."

కండక్టరుగారు గభాలున వెనక్కి తిరిగాడు. "వినపడుతోందా? ఏమే... నీకు వినపడుతోందా?"

ఆవిడకి ఆ మాట వినపడలేదు. ఆయన అక్కడ ఉన్నట్టే లేదు. లేచి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూస్తూ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఉష్... పని చేసుకోనివ్వండి పాపం. అలిసిపోయున్నాడు."

తెర మీద గీత అడుగుకి పడిపోయింది.

చదునుగా... కదలకుండా...

యాంప్లిఫయర్ తన పని తను చేసుకుపోయింది. ఎడమ స్పీకరు కూత. మధ్యది. కుడిది. వెనకవి. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసింది. బామ్మర్ది బండిలో ఏదో మరిచిపోయానన్నాడు. ఈసారి ఫోను కూడా అక్కర్లేకపోయింది.

కండక్టరుగారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి సినిమా పెట్టమన్నాడు. పెట్టాను. మాట అద్దంలా పలికింది. ఆవిడ మొహంలో ఏమీ లేదు. ఆయన వాల్యూమ్ పెంచాడు. ఇంకా పెంచాడు. కిటికీ అద్దాలు వణికాయి.

"అబ్బ, అదేదో ఆపండి," అంది ఆవిడ విసుగ్గా. "వాళ్ల మాట వినపడట్లేదు."

ఆపాను. ప్లగ్గే పీకేశాను. గదిలో ఇక ఏదీ పలకదు. ఆవిడ పక్కకి వంగింది. విన్నది. ఉన్నట్టుండి నవ్వింది.

ఆయన చేతులు చాచి ఆవిడ వైపు అడుగేశాడు.

"అటు కాదండీ... చూసుకోండి. అక్కడ వాళ్లు కూర్చున్నారు."

ఆయన కాలు గాల్లోనే ఆగిపోయింది.

నేను ఆయన చెవి దగ్గరికి వెళ్లి చెప్పాను. "అన్నీ విప్పి పట్టుకుపోతాను. ఈ గదికి తాళం వేయండి."

"ముట్టుకోకు."

"కండక్టరుగారూ..."

"నవ్విందయ్యా," అన్నాడు. ఆయన గుసగుసగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది. "నువ్వు చూశావుగా... నవ్వింది."

తర్వాత చాలారోజులు అటు వెళ్లలేదు. కానీ వీధిలో నాకు తెలియని ఇల్లంటూ ఉంటే అన్నం సహించదు. ఎదురింటి టైలరమ్మ చెప్పింది, ఆ ఇంట్లోంచి ఇప్పుడు కేకల్లేవట. టీవీ సద్దు కూడా లేదట. నవ్వులే. ఇద్దరివీ. ఒకేసారి.

వెళ్లాను. తలుపు తీసే ఉంది. పిలిచాను. ఎవరూ పలకలేదు. వెనక గదిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. యాంప్లిఫయర్ మీద దుమ్ము. పీకిన ప్లగ్గు పీకినట్టే నేల మీద పడి ఉంది.

"కండక్టరుగారూ!" గట్టిగా అరిచాను.

ఆయన తిరగలేదు. గోడవైపు తల వంచి వింటున్నాడు. ఆవిడా అటే తల వంచింది. ఇద్దరూ ఒక్కసారి... ఒకే క్షణంలో... పకపకా నవ్వారు.

భుజం తట్టాను. అప్పుడు చూశాడు నన్ను. కళ్లు మెరుస్తున్నాయి.

"వచ్చావా? రా రా. నీ గురించే మాట్లాడుకుంటున్నారు."

ఊరందరి గురించీ నేను మాట్లాడతాను. నా గురించి, నా ఎదురుగా, నాకు వినపడకుండా మాట్లాడుకోవడం అంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఏమంటున్నారు?" అన్నాను. ఆయనకి వినపడలేదు. ఆవిడే నావైపు జాలిగా చూసింది.

"పాపం," అంది. "ఇతనికి కుడి చెవి నుంచి మొదలైందట."

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు. కుడి స్పీకరు నీరసంగా పలుకుతోందని ఆ మధ్య వెళ్లిన ప్రతి ఇంట్లోనూ వైర్లు మారుస్తున్నాను. ప్రతి ఇంట్లోనూ కుడిదే.

ఎలా బయటపడ్డానో గుర్తులేదు. ఇంట్లో నోరు విప్పలేదు. నేను నోరు విప్పలేదంటేనే మా ఆవిడకి అనుమానం రావాలి, కానీ ఏమీ అడగలేదు. ఒకటి మాత్రం గమనించాను. కంచం పెట్టినా, నీళ్లిచ్చినా, ఏదైనా చెప్పాలన్నా, ఈ మధ్య చుట్టూ తిరిగి మరీ నా ఎడమవైపే వచ్చి నిలబడుతోంది.

నిన్న అడిగాను. "ఎందుకే అంత తిరిగి రావడం? కుడివైపంతా ఖాళీయేగా, ఇటునుంచి రావొచ్చుగా?"

పొయ్యి మీద కూర కలుపుతోంది. తల కూడా ఎత్తలేదు.

"అటుపక్క చోటుంటే కదా," అంది.