ఒక్క రింగ్

షట్టర్ పూర్తిగా దిగకముందే జీపు మలుపు తిరుగుతుంది.

జాహేదా వంగి గొళ్లెం పెడుతుంది. ఆమె పని చేసే ఇంటర్నెట్ సెంటర్ అది.

టైం ఐదున్నర. మక్తల్ ఇంకా లేవలేదు.

జీపు ఆగలేదు. ముందుకు వెళ్లిపోయింది.

హమ్మయ్య...

లేదు. వెనక్కి వస్తోంది!

వాళ్లే. రాత్రంతా బస్టాండు దగ్గర కాపు కాసినవాళ్లే. ఆమె నల్లగొండ బస్సెక్కితే దింపేద్దామని చూస్తున్నవాళ్లే.

జాహేదా లైటు వెయ్యదు. కంప్యూటర్ ఆన్ చేసి ఫ్లాపీ లోపలికి తోస్తుంది.

ఆ ఫ్లాపీలో ఉన్నది తమ్ముడి ప్రాణం.

పోయిన నవంబర్‌లో మర్రిగూడలో రాములును ఎవరో కాల్చి చంపారు. బోర్ల కాంట్రాక్టర్ బీరప్ప తవ్వించిన బోర్లలో ఫ్లోరైడ్ ఉందని, దొంగ రిపోర్టులతో బిల్లులు లేపాడని అర్జీ పెట్టినవాడు ఆ రాములు. కేసు మాత్రం తమ్ముడు ఖాసిం మీద పడింది. బీరప్ప దగ్గర బోరు లారీ నడిపే కుర్రాడు. సాక్షి ఎవరు? స్వయంగా బీరప్పే. సిగ్గు లేకపోతే సరి.

రాములును కాల్చిన తుపాకీ ఇంతవరకు దొరకలేదు.

హత్య జరిగిన ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఖాసిం మర్రిగూడలో లేడు. అక్కను చూడ్డానికి మక్తల్ వచ్చాడు. ఈ కుర్చీలోనే కూర్చుని, దుబాయ్‌లో ఉన్న మేనమామ నూరుద్దీన్‌తో కంప్యూటర్‌లో ముచ్చట్లు పెట్టాడు. ఎవరు నమ్ముతారు?

కంప్యూటర్ నమ్మింది. ఏ అడ్రసుకు, ఏ పోర్టుకు, ఏ నిమిషంలో ఏం వెళ్లిందో రాసిపెట్టుకుంది. ఆ రాతలున్న పాత హార్డ్ డిస్కు నిన్న సాయంత్రమే స్టోర్‌రూంలో దొరికింది. వాటినే ఫ్లాపీలోకి ఎక్కించింది. నూరుద్దీన్ పంపిన కాపీ లాయర్ మంజులత దగ్గర ముందే ఉంది. ఈ చివర, ఆ చివర రెండూ నిమిషాలతో సహా కలిస్తే ఖాసిం బయటికొస్తాడు.

వాయిదా ఇవాళే. పదిన్నరకు నల్లగొండ కోర్టులో.

లాయరమ్మ హైదరాబాద్‌లో మెయిల్ తెరుచుకుని కూర్చుంది. ప్రింటు తీసుకుని కారెక్కాలి.

ఆరు దాటితే హైదరాబాద్ లైన్లు కలవవు. జాహేదా డయల్ చేస్తుంది.

మోడెమ్ కీచుమంటుంది. గరగరమంటుంది. తెగిపోతుంది!

మళ్లీ డయల్.

కీచు... గరగర... కలిసింది!

పంపు అని నొక్కుతుంది. స్క్రీన్ మీద నీలం గీత మెల్లగా కదులుతోంది.

పది శాతం.

వెనక తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడు.

ఆ తాళంచెవి ఓనర్ లియాఖత్ అలీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. నిన్న లాయరమ్మతో మాట్లాడుతున్నప్పుడు పక్కనే ఉన్నది కూడా ఆయనే.

తాళంచెవి వాళ్ల చేతికిచ్చి మంచి పని చేశావు చాచా...

జాహేదా మానిటర్ స్విచ్ నొక్కేస్తుంది. స్క్రీన్ చీకటైపోయింది. కింద డబ్బా మాత్రం పని చేస్తూనే ఉంది.

టార్చి వెలుగు ఆమె మొహం మీద పడుతుంది. వెలుగు వెనక బీరప్ప. చేతిలో రివాల్వర్.

"ఏం జేస్తున్నవ్ పిల్లా?"

"ఊడుస్తున్నన్నా."

"చీకట్ల ఊడుస్తరా?"

టార్చి వెలుగు టేబుల్ మీద తిరుగుతుంది. మోడెమ్ దగ్గర ఆగుతుంది. ఎర్ర లైట్లు టకటకమంటున్నాయి.

"గదేంది?"

"కరెంటు డబ్బా అన్నా."

"కరెంటు డబ్బాకు ఫోన్ వైరెందుకు?"

దొరికిపోయింది!

బీరప్ప స్టూలు లాక్కుని కూర్చుంటాడు. రివాల్వర్ ఆమె వైపే ఉంది.

"ఏం పంపుతున్నవ్? ఎట్ల పోతది? చెప్పు. నాక్గూడ ఎరుకైతది."

జాహేదాకు భయమేస్తోంది. చాలా భయమేస్తోంది. కానీ ఇంకో ఐదు నిమిషాలు కావాలి. అడిగాడు కదా, చెబుదాం. నిదానంగా చెబుదాం.

"ఉత్తరం మొత్తం ఒక్కసారే పోదన్నా. ముక్కలు ముక్కలు జేసి పంపుతది. ముక్క ముక్కకు నంబరుంటది. ఆడికి పోయినంక నంబరు ప్రకారం మల్ల కలుస్తయ్."

"నడుమ ఒక ముక్క తప్పిపోతే?"

"ముట్టిందని ఆడికెళ్లి జవాబు రావాలె. రాకుంటే గదే ముక్క మల్ల పంపుతది. జవాబొచ్చేదాంక ఇడువది."

"మొండిదే." బీరప్ప నవ్వుతాడు. "ఆడ ఎవలింటికి పోతది?"

లైట్లు టకటక... టకటక...

"మన బస్టాండ్ లెక్కన్నా. ఊరికి బస్టాండ్ ఒక్కటే, ప్లాట్‌ఫాంలు శానా. రాయచూర్ బస్సు ఒకదాని మీద, నారాయణపేట బస్సు ఒకదాని మీద. ఆడి మిషన్‌కు గూడ అడ్రస్ ఒక్కటే, పోర్టులు వేలుంటయ్. ఉత్తరం పంపాల్నంటే ఇరవై ఐదో నంబరు. తెచ్చుకోవాల్నంటే నూట పది. తప్పు నంబరు కాడ నిలబడితే ఎంతసేపైనా బస్సు రాదు."

"ముచ్చట పెట్టాల్నంటే?"

జాహేదా అతని కళ్లలోకి చూస్తుంది.

"ఆరువేల ఆరువందల అరవై ఏడు. గా రాత్రి మా తమ్ముడు గా నంబరు మీదనే ఉన్నడు. మర్రిగూడల లేడు. గది నీకెరుకే."

బీరప్ప నవ్వు ఆగిపోతుంది.

లేస్తాడు. మోడెమ్ వైపు తిరుగుతాడు.

"వద్దన్నా..."

ఢాం!

మోడెమ్ ముక్కలై ఎగిరింది. వెనక గోడలోంచి సున్నం రాలింది. లైట్లు ఆరిపోయాయి.

జాహేదా చెవులు గింగురుమంటున్నాయి. వెళ్లిందా? ఎంత వెళ్లింది? ఆఖరి ముక్క దగ్గర తెగిందా? ఏమీ తెలియదు. ఖాసిం... ఖాసిం...

ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు.

బీరప్ప ఫ్లాపీ లాగి, కాలికింద వేసి నలిపేస్తాడు. పాత డిస్కు చంకలో పెట్టుకుంటాడు.

"అయిపాయె. ఇగ నీ మిషన్‌ను సాక్ష్యం చెప్పుమను."

షట్టర్ మీద దబదబ బాదుడు!

"జాహేదా! ఏంది బిడ్డా గా చప్పుడు?"

మసీదు నుంచి నమాజు చేసుకుని వస్తున్నవాళ్లు. నలుగురైదుగురి గొంతులు. జీపు దూరమైపోతున్న చప్పుడు. వెనక సందులో కూడా ఎవరో ఉరుకుతున్నారు.

బీరప్ప రివాల్వర్ ఆమె కణతకు ఆనిస్తాడు.

"బ్యాటరీ పేలిందని చెప్పు. మంచిగ చెప్పు."

జాహేదా నోరు తెరుస్తుంది.

ట్రింగ్...

ఓనర్ టేబుల్ మీద ఫోన్.

మోడెమ్‌కు, ఫోన్‌కు లైను ఒక్కటే. మోడెమ్ పని చేస్తున్నంతసేపు ఆ ఫోన్ మోగదు. ఎంతసేపు చేసినా అవతలివాళ్లకు ఎంగేజ్ సౌండే.

ఇప్పుడు మోడెమ్ లేదు. బీరప్పే లేకుండా చేశాడు.

ఇద్దరూ ఫోన్ వైపే చూస్తున్నారు.

మక్తల్‌లో అందరికీ తెలిసిన లెక్కే ఇది. లారీ రాయచూర్ చేరితే డ్రైవరు ఇంటికి ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడు. ముట్టింది అని. బిల్లు పడదు. రెండో రింగు వచ్చిందంటే ఏదో కష్టం, ఫోన్ ఎత్తాలి. నిన్న జాహేదా లాయరమ్మకు నేర్పింది కూడా ఇదే.

బీరప్ప డ్రైవర్లూ రోజూ ఇట్లాగే చేస్తారు. అతనికి ఎవరూ వివరించక్కర్లేదు.

ఒక క్షణం... రెండు... మూడు...

రెండో రింగు రావాలి. రావాలని అతను చూస్తున్నాడు. రాకూడదని ఆమె.

నాలుగు... ఐదు...

ఫోన్ మోగలేదు.

బీరప్ప గబుక్కున రిసీవర్ ఎత్తుతాడు. డయల్ టోన్. అంతే.

కణత మీద ఇనుము జారింది. అతని చెయ్యి చెమటతో తడిసిపోయింది.

జాహేదా కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. గోడలో పడ్డ కన్నం వైపు చూస్తుంది. రాములు ఒంట్లోంచి తీసిన తూటా నల్లగొండ కోర్టులో సీసాలో ఉంది. దాని జోడీ ఇక్కడ, ఈ సున్నంలో ఉంది.

బీరప్ప కూడా అటే చూస్తాడు. అప్పుడు అర్థమైంది అతనికి.

"బిడ్డా, పలుకు! షట్టర్ ఇరగ్గొట్టాల్నా?"

జాహేదా అతని కళ్లలోకి చూస్తూనే గొంతెత్తుతుంది.

"బీరప్ప లోపలున్నడు. తుపాకి ఉన్నది. వెనక తలుపు గూడ బంద్ చెయ్యుండ్రి."

వెనక గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.

"చంపుత నిన్ను..." బీరప్ప గొంతు పలచబడింది.

"చంపితే చంపు" అంటుంది జాహేదా. "ముట్టాల్సింది ముట్టింది."