నోరు మూసుకోని సున్నా

ఆవిడ "కామా గారిల్లు ఇదేనా?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికొచ్చి, తలుపుకి తనే గడియ పెట్టేసింది. పరాయి ఇంట్లో గడియ పెట్టే మనిషిని వెనక నుంచి ఏదో తరుముతోందని వేరే చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గర గొడుగు ఆరబెడుతున్న బావమరిది ఆ గొడుగుని కర్రలా పట్టుకుని నిలబడ్డాడు.

కామా గారు ముప్ఫై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఒకసారి దొంగ వీలునామాని ఒక్క కామా ఆసరాతో పట్టుకున్నాక, అక్షరాల తప్పులు మానేసి మనుషుల తప్పులు దిద్దడం మొదలుపెట్టాడు. పేరు కూడా అలాగే స్థిరపడింది. బావమరిది ఆయనకి చుట్టమూ, గుమస్తా, భక్తుడూ. అక్క మొగుడన్న గౌరవం కొంత, తెలివి మీద గౌరవం కొండంత.

"టీవీకి డాక్యుమెంటరీలు తీస్తానండి. రాత్రి మంచినీళ్ల మీద వచ్చింది నాదే," అంది ఆవిడ.

ఆ కార్యక్రమం బావమరిదీ చూశాడు. పదేళ్ల కిందట ఊరి కుళాయిల్లో పాడునీళ్లు వచ్చి చాలామంది జబ్బుపడ్డారు. అప్పుడు అధికారంలో ఉన్న పెద్దాయన ఇప్పుడు ప్రతిపక్ష నాయకుడు. రాత్రి కెమెరా ముందు ఆయన, "ఆ నీళ్లు తాగడానికి పనికిరావని తెలిసే వదిలాం" అని తాపీగా చెప్పాడు. బావమరిది చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"ఆయన ఒప్పేసుకున్నాడని ఒకటే గోల. తన మాట కోసేశారు, ఛానెల్ అమ్ముడుపోయిందని ఆయన గోల. పొద్దున మా కిటికీలోంచి రాయి వచ్చి అమ్మ మంచం మీద పడింది. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో విచారణండి. పక్షపాతమని తేలితే ఇక ఈ జన్మలో నాకెవరూ కెమెరా ఇవ్వరు."

"అసలు రికార్డింగు ఏదీ?" అన్నాడు కామా గారు.

"ఆ కార్డు ఆఫీసు బీరువాలో పెట్టాను. పొద్దున చూస్తే లేదు. తాళంచెవి ఎడిటింగు గదిలో మేకుకే ఉంటుంది, అందరికీ తెలుసు."

"మీరు కోశారా అమ్మా?"

"అదేనండి నా భయం. అప్పగించే ముందు మూడు రోజులు నిద్ర లేదు. మా నాన్న ఆ నీళ్లు తాగే పోయాడు. ఆ పెద్దాయన మొహం చూస్తే నాకు ఒళ్లుమంట. నేనే కోసి మర్చిపోయానేమో! నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

బావమరిది గొడుగు దించేశాడు. ఎదుటివాళ్లని అనుమానించే వాళ్లని చాలామందిని చూశాడు కానీ, తన్ను తనే అనుమానిస్తూ వచ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు.

కామా గారు పెద్దాయన మాట్లాడిన ముక్కని ఆవిడ ఫోన్లో నాలుగుసార్లు వేయించుకుని, మూడుసార్లు కళ్లు మూసుకుని విన్నాడు, నాలుగోసారి చూశాడు. 'తెలిసే' అనగానే తెరమీద పెద్దాయన మొహం పోయి ఆయన చేతులు కనిపిస్తాయి. 'వదిలాం' అయ్యాక మళ్లీ మొహం.

"ఏమోయ్, 'వచ్చాం' అను."

"వచ్చాం," అన్నాడు బావమరిది బుద్ధిగా.

"నీ నోరేమైంది?"

"మూసుకుంది బావా. మీ ముందు ఎప్పుడు తెరిచాను కనక?"

కామా గారు నవ్వలేదు. "ఆ పెద్దాయన మాట చివర మరోసారి విను."

బావమరిది విన్నాడు. చివర్లో ఏదో చిన్న విరుపు ఉన్నట్టనిపించింది, అంతే. ఈలోగా కామా గారు ఆవిడ సంచీలోంచి అప్పగింత కాగితం తీయించాడు. సోమవారం సాయంత్రం ఎడిటరు కొలిచి రాసింది. అధికార పక్షం మాట్లాడింది తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు, ప్రతిపక్షం తొమ్మిది నిమిషాల నలభై ఆరు.

ముగ్గురూ వెళ్లేసరికి ఛానెల్ ఆఫీసులో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఫోన్లు మోగుతున్నా ఎత్తే నాథుడు లేడు. విచారణకి ఇంకా రెండు గంటలే ఉంది.

ఎడిటరు ఎర్రబడ్డ కళ్లతో, ఓ చేత్తో పాలసీసా సంచీ పట్టుకుని దొరికాడు. "మా ఆవిడకి పురుడు వచ్చిందండి. సోమవారం సాయంత్రం అప్పగించి ఆస్పత్రికెళ్లినవాణ్ణి ఇప్పుడే వస్తున్నా. ఆ చేతుల షాటు నేను పెట్టలేదు. పెట్టినా అంత మొరటుగా పెట్టను. మా తూకం మాస్టారి దగ్గర పదేళ్లు పని నేర్చుకున్నవాణ్ణి."

వార్తల అధిపతి కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు. "నన్నడుగుతారేంటండీ? నాకు రిమోటులో సెల్లు మార్చడమే రాదు, ఇంట్లో మా ఆవిడ మారుస్తుంది. ఆ డైరెక్టరమ్మకి పెద్దాయనంటే పడదని మాత్రం అందరికీ తెలుసు. నాలుగింటికల్లా ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే నా కుర్చీ పోతుంది."

చివరి గదిలో తూకం మాస్టారు ఉన్నాడు. ప్రతి కార్యక్రమంలోనూ ఏ పక్షం ఎంతసేపు మాట్లాడిందో కొలిచి, సమానంగా ఉందని సంతకం పెట్టడం ఆయన పని. ఆ సంతకం లేనిదే ఏదీ ప్రసారం కాదు. పండిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకి వేలాడే స్టాప్‌వాచీ. దాన్ని పెట్టుకునే తోలు సంచీ నడుముకి వేలాడుతోంది, గుండీ పెట్టి ఉంది.

"ఇరవై రెండేళ్లు," అన్నాడాయన రిజిస్టరు తిప్పి చూపిస్తూ. "ఒక్క సెకను ఎక్కువ తక్కువలు కానివ్వలేదు. మంగళవారం పొద్దున కొలిచాను. వీళ్లు తొమ్మిది నలభై, వాళ్లూ తొమ్మిది నలభై. పక్షపాతం అన్నవాడి కళ్లు పోతాయి."

"మీరెప్పుడైనా కోస్తారా?"

"నేను కొలుస్తానండి. కోసే పని మానేసి చాలా కాలమైంది." ఆయన చెయ్యి నడుము దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చింది.

నాలుగింటికి పెద్ద గదిలో అందరూ చేరారు. పెద్దాయన చేతికర్రతో, వకీలుతో వచ్చి కూర్చున్నాడు. డైరెక్టరమ్మ తన రెండు చేతులూ బల్ల కింద దాచుకుంది. కోసిందెవరో కామా గారు ఇంతవరకూ బావమరిదికి కూడా చెప్పలేదు.

"అయ్యా," అన్నాడు కామా గారు పెద్దాయనతో, "మీరు నిజంగానే 'తెలిసే వదిలాం' అనలేదు."

"మరదే కదా మొత్తుకుంటున్నా!"

"'వదిలాం' అని ఆపితే చివర సున్నా. నోరు మూసుకుంటుంది. రాత్రి మేం విన్న మాటలో నోరు మూసుకోలేదు. చివర పిసరంత 'అ' వినిపిస్తోంది. 'వదిలామ' అని. అంటే వెనక ఇంకో అక్షరం రాబోతోంది. 'వదిలామని.' మన భాషలో వాక్యం ప్రాణం తోకలో ఉంటుంది. 'చంపాను' అన్నదాని వెనక 'అని నింద వేశారు' అని ఉందనుకోండి, ఆ తోక కోస్తే నిర్దోషి హంతకుడవుతాడు. కోతని కప్పడానికి చేతుల షాటు వేశారు."

గదిలో గుసగుసలు బయల్దేరాయి. డైరెక్టరమ్మ తలెత్తలేదు.

"ఎవరు కోశారు? సోమవారం ఈవిడ అప్పగించినప్పుడు ప్రతిపక్షానికి ఆరు సెకన్లు ఎక్కువుంది. ఇదిగో కాగితం. మంగళవారం రిజిస్టరులో సరిసమానం. ఆ ఆరు సెకన్లు ఈవిడ చెయ్యి దాటాకే పోయాయి. ఎడిటరు ఆస్పత్రిలో ఉన్నాడు. వార్తల అధిపతికి సెల్లు మార్చడం రాదు. మరి ఆ పని వచ్చి, పదేళ్లు నేర్పి, ఆరు సెకన్లు ఎక్కువైతే నిద్రపట్టనిది ఎవరికి?"

అందరూ ఒక్కసారే తూకం మాస్టారి వైపు తిరిగారు.

"గడియారం మెడలో ఉంటే, దాని సంచీకి గుండీ ఎందుకండీ మాస్టారూ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి మళ్లీ నడుము మీదికి పోయింది. ఈసారి అక్కడే ఉండిపోయింది. కాసేపటికి గుండీ విప్పి, గోరంత కార్డు బల్ల మీద పెట్టాడు.

"నేను మాట వినలేదండి," అన్నాడు. "ఎన్నో ఏళ్లుగా వినడం మానేశాను. ఎవరు ఎంతసేపన్నదే చూస్తాను. తెరమీద శబ్దం గీతలు చూసి, చివర ఆరు సెకన్లు తీసేశాను. రాత్రి ఇంట్లో కూర్చుని మొదటిసారి విన్నాను. విన్నాక భయమేసింది. పొద్దున్నే వచ్చి కార్డు తీసుకున్నాను. పారేద్దామంటే చెయ్యి రాలేదు."

"ఈ అమ్మాయి ఇంట్లో రాయి పడిందని తెలిశాక కూడా నోరు మూసుకున్నారు," అన్నాడు కామా గారు. అంత కోపంగా బావ మాట్లాడటం బావమరిది ఎప్పుడూ వినలేదు. కంచే చేను మేస్తే ఇక చెప్పేదెవరికి?

కార్డు వేశారు. తెరమీద పెద్దాయన నింపాదిగా మాట్లాడాడు. "ఆ నీళ్లు తాగడానికి పనికిరావని తెలిసే వదిలామని మా మీద నింద వేశారు. పచ్చి అబద్ధం. కాగితాలున్నాయి, చూపిస్తాను."

వార్తల అధిపతి ఊపిరి పీల్చుకుని, ఎనిమిది గంటలకి క్షమాపణతో పూర్తి మాట వేస్తామన్నాడు. తూకం మాస్టారు ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా పైకి చూసి, "అప్పుడు ఆ పక్షానికి ఆరు సెకన్లు ఎక్కువైపోతాయి కదండీ," అన్నాడు.

డైరెక్టరమ్మ లేచి పెద్దాయన ఎదుటికెళ్లింది. "మీ మాట మీరన్నట్టే వేస్తాను. ఆ కాగితాలు రేపు చూపించండి. అవి నిజమైతే నిజమనీ, అబద్ధమైతే అబద్ధమనీ, అదీ చివరిదాకా వేస్తాను."

పెద్దాయన కర్ర మీద చేతులు మార్చుకున్నాడు. "చూద్దాంలే అమ్మా," అన్నాడు. ఈసారి ఆయన గొంతులో అంత నింపాది లేదు.

బయటికొచ్చాక ఆవిడ మెట్ల మీదే కూలబడి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు వాటిని తిప్పి చూసుకుంది. బావమరిదికి ఏం చెప్పాలో తోచక గొడుగు విప్పి ఆవిడకి పట్టాడు. వాన ఎప్పుడో వెలిసిందని కామా గారు గుర్తు చేయలేదు.

"నాన్న ఫొటోకి చెప్పాలి," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "కోసింది నేను కాదని."