గోడ అవతలి పాట

కరోనా కాలంలో పెళ్లికాని బ్యాంకు ఉద్యోగికి బదిలీ రాకూడదు. వస్తే ఎలా ఉంటుందో కాకినాడ కుర్రాడు భరద్వాజ్‌ని అడగాలి.

సూరత్‌, అడాజన్ పేటలో మూడో అంతస్తు ఫ్లాటు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. బ్యాంకులో చూస్తే అందరి మొహాలకీ మాస్కులే. అందుకే ఒక స్మార్ట్ స్పీకర్ కొనుక్కున్నాడు. పొద్దున్నే "వార్తలు చదువు" అంటే చాలు, ఆగకుండా చదివేది. ఎన్ని కేసులు, ఎన్ని చావులు, ఎక్కడ ఆక్సిజన్ లేదు. అవన్నీ వినాలని కాదు పాపం. ఇంట్లో ఒక మనిషి గొంతు ఉండాలి, అంతే.

ఒకరోజు వార్తల మధ్యలో హఠాత్తుగా వానపాట అందుకుంది. ఆపి మళ్లీ వార్తలు పెట్టాడు. మళ్లీ వానపాట! ఏప్రిల్ ఎండల్లో వానపాటేమిటి?

"దీనికీ సోకిందా నా ఖర్మ!" అని తల పట్టుకున్నాడు.

పక్క బాల్కనీలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

"దానికేం కాలే. నేనే పెట్టిన," అంది పక్కింటి అమ్మాయి ఫోను ఊపుతూ.

ఆమె ఇందుజ, రైల్వేలో పనిచేసే లింగమూర్తిగారి కూతురు. సొంతూరు మంచిర్యాల, పెరిగిందంతా సూరత్‌లోనే. పెద్దకూతురి కాన్పుకని ఊరెళ్లిన తల్లి అక్కడే చిక్కుకుపోయింది. ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టేవాళ్లు రావడం లేదంటే లింగమూర్తిగారే తమ వైఫై పాస్‌వర్డ్ భరద్వాజ్‌కి ఇచ్చారు. ఇద్దరిదీ ఒకే వైఫై కావడంతో ఆమె ఫోనులో తమ స్పీకర్ పక్కనే ఇతని స్పీకర్ కూడా కనబడింది.

"నా ఇంట్లో మీ పెత్తనమేమిటండీ?"

"వైఫై మాది గదా! పొద్దుగాల్నే మీ డబ్బా చావులు లెక్కపెడ్తుంటే మా నాన్న చాయ్ గూడ తాగుతలేడు. జర బంద్ చేయుండ్రి, ప్లీజ్."

భరద్వాజ్ మొహం చిన్నబోయింది. "సారీ అండీ. అంత వినిపిస్తుందనుకోలేదు."

"ఇగ పొద్దున డ్యూటీ నాది. పాటలు నేనే పెడ్త. చలో, బై!"

అప్పట్నుంచి ఆమె పాటతోనే అతనికి తెల్లవారేది. ఇవాళ ఏ పాట వస్తుందోనని ముందే లేచి, కాఫీ కలుపుకుని, బుద్ధిమంతుడిలా స్పీకర్ ఎదురుగా కూర్చునేవాడు. ఇదేం పిచ్చిరా బాబూ అని తనని తానే తిట్టుకునేవాడు. ఫోన్ నంబరు అడుగుదామంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఉన్నట్టుండి ఒక పొద్దున పాట రాలేదు. అంబులెన్సు వచ్చింది. లింగమూర్తిగారిని ఆసుపత్రిలో చేర్చారు. ఇందుజకీ పాజిటివే. మున్సిపాలిటీ వాళ్లు తలుపుకి క్వారంటైన్ కాగితం అంటించి పోయారు.

సాయంత్రం ఆమె బాల్కనీలోకి వచ్చింది. మొహం పీక్కుపోయింది.

"ఒక్కరే ఎలా ఉంటారండీ?"

"ఉండాలె గదా. నిద్రల ఏమన్నయితే ఎవరికీ తెల్వది. గదే భయం."

భరద్వాజ్ తన ఫోను తీసి చూపించాడు.

"రోజూ పొద్దున మీ స్పీకర్లో నేను పాట పెడతాను. మీరు ఆపేయండి. ఆగిందంటే మీరు లేచారని నాకు తెలుస్తుంది."

"నా స్పీకర్ల మీరెట్ల పెడ్తరు?"

"మీరు నా దాంట్లోకి వచ్చిన దారే కదండీ!"

ఆమె నవ్వబోయింది. దగ్గు అడ్డొచ్చింది.

పప్పుచారు, అన్నం డబ్బాలో సర్ది ఆమె గుమ్మం ముందు పెట్టి వచ్చేవాడు. పొద్దున పాట పెట్టేవాడు. పల్లవి అయ్యేలోపే ఠక్కున ఆగేది. అప్పుడుగానీ అతనికి కాఫీ గొంతు దిగేది కాదు.

ఒక పొద్దున పల్లవి అయిపోయింది. ఆగలేదు. చరణం వచ్చింది. ఆగలేదు. గోడకి చెవి ఆనించాడు. పాట తప్ప ఇంకో అలికిడి లేదు. రెండో చరణం మొదలైంది. మాస్కు తగిలించుకుని పరుగెత్తి తలుపు దబదబా బాదాడు.

"ఇందుజగారూ! ఇందుజా!"

తలుపు తెరుచుకుంది. మాస్కు పెట్టుకుని, గోడ పట్టుకుని, ఆమె నిలబడే ఉంది.

"ఎందుకాపలేదు? నా ప్రాణాలు పోయాయి తెలుసా!" అని అరిచాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఆపుదామనే ఫోను పట్టుకున్న. ఆపితే మీరు బ్యాంకుకు పోతరు. ఆపకుంటే ఎవరన్న వస్తరా అని... మనిషిని చూడబుద్దయింది. తప్పయితే తిట్టుండ్రి."

తిడదామనే వచ్చాడు. ఒక్క తిట్టూ రాలేదు. వరండాలో, గుమ్మానికి దూరంగా నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కూడా లోపల కూర్చుంది.

"నేను వార్తలు పెట్టుకున్నదీ అందుకేనండీ, ఇంట్లో ఒక గొంతుండాలని. ఇప్పుడు మీ పాట లేనిదే నాకు తెల్లవారదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఇందుజ కళ్లు తుడుచుకుంది. "గీ మాట చెప్పేటందుకు నాకు రోగం రావాల్నా? నంబరన్న అడగలే మీరు!"

"భయమేసింది."

"ఇగ భయమెందుకు? రాస్కోండ్రి."

లింగమూర్తిగారు కోలుకుని ఇంటికొచ్చారు. కూతురు ఏం చెప్పిందో ఏమో, కాస్త ఓపిక రాగానే నేరుగా భరద్వాజ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నువ్వేనా బిడ్డా, నా ఇంట్ల పాటలు పెట్టెటోనివి?"

"అవునండీ," అన్నాడు భరద్వాజ్ బిక్కచచ్చిపోయి.

"గోడకిటొకటి, అటొకటి, రెండు డబ్బాలెందుకు? ఒకటి తీసేయుండ్రి. మీ నాన్న నంబరియ్యి, నేను మాట్లాడ్త."

భరద్వాజ్ ఫోను కోసం జేబులు తడుముకున్నాడు. ఇంతలో అతని స్పీకర్లో వానపాట అందుకుంది. గోడ అవతల ఎవరో అంతా వింటూనే ఉన్నారు.

ఆ పాటని ఎవరూ ఆపలేదు.