నిమిషానికి ఆరు చుట్లు

వీధుల్లో అందరూ ఆమెను రీడింగమ్మ అంటారు. భుజాన సంచీ, చేతిలో బిల్లులు కొట్టే మిషను, కాళ్ళకి అరిగిపోయిన చెప్పులు. పదకొండేళ్ళుగా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూస్తున్న మనిషి. ఏ ఇంట్లో కొత్త ఫ్రిజ్ కొన్నారో, ఏ ఇంట్లో మొగుడు అలిగి వెళ్ళిపోయాడో మీటరు చూసి చెప్పేస్తుంది. మనుషులు అబద్ధమాడతారు కానీ మీటరు ఆడదని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే చివరికి కొంప ముంచింది.

అంతకు ముందే ఒకసారి మోసపోయింది. భర్త పోయాక అత్తాకోడళ్ళిద్దరూ తలదాచుకున్న గదిని ఎవరో కొనుక్కుని, నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. పడగొట్టి కొట్లు కడతారట. ఫోనులో ఒక ఇల్లు కనబడింది. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి, అద్దె సగానికి సగం. యజమాని వేరే ఊళ్ళో ఉన్నాడట, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారట, ముందుగా కొంత పంపితే తాళంచెవి కొరియర్లో పంపుతాడట. పంపింది. తాళంచెవి రాలేదు. ఆ అడ్రసుకి వెళ్ళి చూస్తే అది చెప్పుల గోదాము.

"చెప్పుల గోదాములో కాపురం పెట్టబోయిన మహాతల్లివి నువ్వు" అని అత్తగారు పూటకోసారి దెప్పేది. "అందులో నాకూ ఒక జత వస్తుందేమో అడగకపోయావా?"

అందుకే ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. ఇల్లు కళ్ళతో చూడనిదే, యజమాని ఎదురుగా నిలబడనిదే పైసా ఇవ్వకూడదనుకుంది. ఈసారి దొరికిన ఇల్లు ఒక సందు చివర ఉంది. ఒకవైపు కలప అడితి గోడ, ఇంకోవైపు ముళ్ళకంప పెరిగిన ఖాళీ స్థలం. ఇరుగూ లేదు, పొరుగూ లేదు, అడుగుదామంటే. ఇంటాయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఏదైనా అడగండమ్మా, మన దగ్గర దాపరికం లేదు."

"కరెంటు బిల్లులు చూపించండి."

మూడు నెలలవి చూపించాడు. మూడింటి మీదా అతని పేరే. మూడింట్లోనూ యూనిట్లు ఒకే అంకె. వరసగా మూడు నెలలు ఏ ఇంట్లోనూ ఒకే అంకె రాదని ఆమె కంటే ఎవరికి తెలుసు? ఒంటి మనిషి, పొదుపరి కాబోలు అని తనకి తానే సర్దిచెప్పుకుంది. అద్దె అంత తక్కువైనప్పుడు సర్దిచెప్పుకోవడం ఏమంత కష్టం కాదు. వరండా గోడకి పాతకాలపు మీటరు. గాజు వెనక చక్రం నింపాదిగా తిరుగుతోంది. దాని అంచున ఉన్న నల్ల గీత ముందుకొస్తోంది, వెనక్కి పోతోంది. ఇంట్లో మనుషులు మసలుతున్నారన్నమాట. అది చాలనుకుంది.

మిగిలిన డబ్బంతా అడ్వాన్సుగా ఇచ్చేసి, ఎర్రదారం కట్టిన తాళంచెవి తీసుకుంది.

సామాను దించి ఆటో అతను వెళ్ళిపోయేసరికి చీకటి పడుతోంది. పొద్దుట్నుంచీ ముసురు. అత్తగారు కర్ర పొడుచుకుంటూ వెనకగదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె మీద కూలబడింది. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. రెండు మెట్లెక్కాలంటే నలుగుర్ని కేకేసే మనిషి. ఆ గదిలో గోడ పొడవునా ఒక అటక, దానికి అడ్డంగా మాసిన గుడ్డ తెర.

"ముక్కిన వాసనే" అంది అత్తగారు.

ముక్కిన వాసనే. కానీ దాని అడుగున ఇంకో వాసన ఉంది. తలనూనె, పడుకుని లేచిన దుప్పట్లు, ఒకేచోట చాలామంది ఊపిరి పీల్చిన వాసన.

స్విచ్చి వేసింది. లైటు వెలగలేదు. ఇంకోటి వేసింది. అదీ అంతే. ఫ్యూజు పోయిందనుకుని వరండాలోకి వచ్చి, ఫోను లైటు వేసి మెయిన్ ఆపింది. ఫ్యూజు పీకి చేతిలో పట్టుకుంది.

చక్రం తిరుగుతూనే ఉంది.

మెయిన్ ఆపాక చక్రం ఆగాలి. అలవాటుకొద్దీ చేతిగడియారం చూసింది. నిమిషానికి ఆరు చుట్లు. ముందు ఒళ్ళు మండింది. ఎవడో మన మీటర్లోంచి దొంగకరెంటు లాగుతున్నాడు! వాడి పని పడదామని వానలోనే సందులోకి దిగి, స్తంభం దగ్గర తలెత్తి చూసింది.

తీగ లేదు.

స్తంభం మీద జానెడు ముక్క తుప్పుపట్టి చుట్టుకుపోయి ఉంది. ఇంటి చూరు కింద ఇంకో ముక్క వేలాడుతోంది. రెండింటి మధ్యా వాన తప్ప ఏమీ లేదు. ఏనాడో కోసేసిన లైను. పదకొండేళ్ళుగా మెడలు విరిగేలా ఊరందరి స్తంభాలూ చూసిన మనిషి, తన ఇంటి స్తంభం చూసుకోలేదు.

ఇంటాయనకి ఫోను చేసింది. ఆ నంబరు వాడుకలో లేదు.

తిరిగి వరండా ఎక్కుతుంటే లోపల అత్తగారి గొంతు వినబడింది. గుసగుసగా మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగుతోంది... ఎవరో చెప్పేది వింటున్నట్టు.

"ఎవరితో అత్తయ్యా?"

"పైవాళ్ళతోనే."

"ఈ ఇంటికి పై అంతస్తు లేదు."

"అంతస్తేమిటే, అటక మీద. పాపం, ఆరుగురున్నారు. వాళ్ళూ వాడికే అడ్వాన్సు ఇచ్చారట. అందరూ బిల్లులు చూసే ఇచ్చారట, నీలాగే." అత్తగారి గొంతులో ఎన్నడూ లేని మెత్తదనం. "ఎక్కడికీ పోలేక ఉండిపోయారట."

వెనకగదిలోకి వెళ్ళి ఫోను లైటు పైకెత్తింది. అటక అంచున మేకుకి తాళంచెవుల గుత్తి. ప్రతిదానికీ ఎర్రదారం. తెర కొంచెం లోపలికి పీల్చుకున్నట్టయి, మళ్ళీ బయటికి ఉబ్బింది.

"లేవండి. పోదాం" అంది.

"ఎక్కడికే?"

"ముందు లేవండి!"

"ఎక్కడికో చెప్పు, లేస్తాను."

పాత గదికి పొద్దున్నే తలుపులు పీకేశారు. చేతిలో ఉన్నది రెండుపూటల తిండికి చాలదు. చుట్టాలంటే... ఉన్న ఒక్క చుట్టమూ ఎదురుగా ట్రంకుపెట్టె మీద కూర్చుంది. అత్తగారిని లేపబోయింది. ఆవిడ బండరాయిలా కదల్లేదు.

వరండాలోకి పరిగెత్తి ఆటో అతనికి ఫోను చేసింది.

"మళ్ళీ వస్తావా నాయనా? సామాను వద్దు, మనుషులమే."

"వస్తానమ్మా. ఎక్కడికెళ్ళాలి?"

చీకట్లో సందు మొదటిదాకా చూసింది.

"అమ్మా? ఎక్కడికి?"

ఫోను పెట్టేసింది. ఎదురుగా మీటరు. చూడకూడదనుకుంటూనే చూసింది. నల్ల గీత వచ్చింది... పోయింది... వచ్చింది. ఇందాకటి కంటే తొందరగా. గడియారం చూసి లెక్కపెట్టింది.

ఏడు.

"అత్తయ్యా!"

లోపలికి పరిగెత్తింది. వెనకగదిలో ట్రంకుపెట్టె ఉంది. గోడకి ఆనించిన కర్ర ఉంది. పెట్టె పక్కన చెప్పులు, జతగా, మొనలు గోడవైపు. నిచ్చెన లేదు. స్టూలు లేదు. ఎక్కడానికి ఆ గదిలో ఏమీ లేదు.

తెర వెనక ఎవరో సర్దుకుని జరిగిన చప్పుడు.

"రావే" అంది అత్తగారు పైనుంచి. మోకాళ్ళ నొప్పి లేని గొంతు. "చోటుంది."

ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. గుమ్మం తగిలింది. దాటింది. వరండా గోడకి వీపు ఆనించి నిలబడింది. వాన ఆగలేదు. సందులో ఒక్క దీపం లేదు. తాళంచెవి ఇంకా గుప్పిట్లోనే ఉంది, ఎర్రదారం వేలికి చుట్టుకుని.

లోపలికి వెళ్ళను... వెళ్ళను. తెల్లారేదాకా ఇక్కడే నిలబడతాను. తెల్లారాక...

తెల్లారాక ఏమిటో తోచలేదు.

చక్రం చప్పుడు మారింది. తల తిప్పి, ఫోను వెలుగులో గడియారం చూస్తూ, నిమిషం నిండేదాకా లెక్కపెట్టింది. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టింది.

ఎనిమిది.

ఆమె ఇంకా వరండాలోనే ఉంది.